తెలుగు అక్షరాల గజిబిజి ఆట ఆడేవాళ్ళు ఉన్నారా? క్లూలు ఎలా ఇస్తున్నారు?

పదాలపిచ్చి_బెజవాడ

అందరికీ నమస్తే. మా ఇంజినీరింగ్ బ్యాచ్‌మేట్స్ పద్నాలుగు మందిమి టెలిగ్రామ్‌లో ఓ గ్రూప్ పెట్టుకున్నాం. పండగలకి శుభాకాంక్షలు, ఎవరికైనా పిల్లలు పుడితే ఫోటోలు, అంతే, మిగతా రోజుల్లో ఎవరూ పలకరు. రెండు నెలల క్రితం ఓ రాత్రి నిద్ర పట్టక నేను "ద, మ, చం, మా" అని నాలుగక్షరాలు పెట్టి ఇదేంటో చెప్పండి చూద్దాం అన్నా. నిమిషం తిరక్కుండా ఆరుగురు చందమామ అని కొట్టేశారు, ఏడాదిగా గ్రూప్‌లో మాట్లాడని మా రూమ్మేట్ కూడా వచ్చి ఇంకోటి ఇవ్వరా అన్నాడు. ఆ ఒక్క మాటకి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అప్పట్నుంచి రోజూ రాత్రి తొమ్మిదికి ఆట. ఒకరు పదాన్ని కలగాపులగం చేసి పెడతారు, పది నిమిషాలకో క్లూ, ముందు చెప్పినవాళ్ళకి పాయింట్లు.

ఇప్పుడు సమస్య ఏంటంటే, మూడక్షరాల పదం ఇస్తే చూడగానే దొరికిపోతోంది, ఐదారు అక్షరాలది ఇస్తే ఎవరికీ రావట్లేదు, సరే అని క్లూగా మొదటి అక్షరం చెప్తే ఆట అక్కడితో అయిపోతోంది, ఎందుకలా అవుతుందో నాకు అర్థం కాలేదు, ఇంగ్లీష్ ఆటల్లో ఒక అక్షరం చెప్పినా ఇంకా కష్టంగానే ఉంటుంది కదా. పైగా రోజూ ఇద్దరే గెలుస్తున్నారు, మిగతావాళ్ళు మెల్లగా చూసి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. నిన్న నాకు టైం లేక ఓ ఆప్‌లో పదం వేసి కలిపించా, అది వత్తుల్ని, గుణింతాల్ని విడగొట్టి "ప ు ్ క ర" లాగా చుక్కల వలయాలతో ఇచ్చింది, ఒక్కరికీ అర్థం కాలేదు.

మీ గ్రూపుల్లో ఎలా ఆడుతున్నారు, క్లూలు ఎలా ఇస్తున్నారు, కాస్త వివరంగా చెప్పండి. ఈ ఆట ఆగిపోతే ఆ గ్రూప్ మళ్ళీ పండగ గ్రూప్ అయిపోతుందని నా భయం.

తెలుగుపంతులమ్మ

బాబూ, మొదటి అక్షరం చెప్తే ఆట ఎందుకు అయిపోతుందో ముందు చెప్తాను. మన అక్షరం అంటే ఒక్క శబ్దం కాదు, హల్లు, అచ్చు, వత్తు, సున్న అన్నీ కలిసి ఒక ముద్ద. చందమామలో నాలుగే అక్షరాలు. నాలుగింటిని 24 రకాలుగా పేర్చొచ్చు. మొదటిది చెప్పేస్తే మిగిలేవి 6, రెండోది కూడా చెప్తే 2. మూడక్షరాల పదమైతే మొత్తమే 6, ఒకటి చెప్తే 2. అంటే మన భాషలో అక్షరం క్లూగా ఇవ్వడమంటే జవాబులో ముప్పాతిక చేతిలో పెట్టడమే. అందుకని నేను అక్షరం క్లూ అస్సలు ఇవ్వను. క్లూ ఎప్పుడూ అర్థం మీదే ఉండాలి.

ముప్ఫై ఏళ్ళు గోదావరి జిల్లా బడుల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను, పిల్లలతో నల్లబల్ల మీద ఈ ఆట ఎన్ని వందలసార్లు ఆడించానో లెక్కలేదు. పదం ఎంచుకునేటప్పుడే కొన్ని చూసుకోవాలి. అచ్చుతో మొదలయ్యే పదం వద్దు. అ, ఆ, ఇ, ఈ లాంటి విడి అచ్చు మన మాటల్లో మొదట్లోనే వస్తుంది, బీఏ, ఏఐ లాంటి పొడి అక్షరాల మాటలు వదిలేస్తే మధ్యలో కనపడదు. కాబట్టి "త్త, రం, ఉ" అని ఇస్తే ఉ మొదటిదని చదివిన ఎవరికైనా తెలిసిపోతుంది. అలాగే డు, ము, వు, లు. ఇవి చివర కూర్చునే అక్షరాలని చిన్నప్పుడే నేర్చుకున్నాం కదా. గుంపులో లు కనిపిస్తే బహువచనం, తీసి చివర పెట్టేస్తారు. కాయ కూడా అంతే, కా, య రెండూ కనపడగానే కూరగాయల పేర్లు గుర్తుకొచ్చేస్తాయి.

సున్న మాత్రం మంచి స్నేహితురాలు. పుస్తకం, గణితంలాగా చివర వస్తుందని అనుకుంటారు, గంట, పంటలాగా ముందు పెట్టి చూడండి, తికమక పడతారు. "గం, పం, చాం" ఇచ్చి చూడండి, మూడే అక్షరాలు, ఆరే వరసలు, అయినా పంచాంగం అని తట్టడానికి టైం పడుతుంది, ఎందుకంటే మూడూ చివరక్షరంలాగే కనిపిస్తాయి.

ఇక క్లూలు. నేను మూడు ఇస్తాను. మొదటిది దూరం నుంచి, రెండోది దగ్గరగా, మూడోది సామెతో పొడుపు కథో. ఉదాహరణకి "క, లి, రో". మొదటి క్లూ: ఒకప్పుడు ప్రతి ఇంట్లో ఉండేది, ఇప్పుడు చాలా ఇళ్ళల్లో పెళ్ళిపనులప్పుడే వెతుక్కుంటారు. రెండో క్లూ: ఒంటరిగా దీనితో పని జరగదు, జత కావాలి. మూడో క్లూ: దేంట్లోనో తల పెట్టాక దీని పోటుకి భయపడకూడదట. అప్పటికి రోకలి అని అందరికీ వచ్చేస్తుంది. ఇక్కడో చిన్న సంగతి, సామెతలో "రోట్లో తల పెట్టి రోకటి పోటుకు వెరచినట్లు" అంటాం, రోకలి కాస్తా రోకటి అయిపోయింది. అందుకని ముందే నియమం పెట్టుకోండి, పదం నిఘంటువులో ఉండే రూపంలోనే ఇవ్వాలి, కి, కు, తో, లో తగిలించిన రూపాలు ఇవ్వకూడదు. గొడవొస్తే ఇంటర్నెట్‌లో ఉండే ఆంధ్రభారతి నిఘంటువులో వెతికి చూడండి, అందులో ఎన్నో పాత నిఘంటువులు ఒక్కచోటే దొరుకుతాయి.

పొడుపు కథ లాంటి క్లూ ఇంకోటి లేదు. అవి పుట్టిందే క్లూలుగా. "తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది" అని చెప్తే ఉత్తరం అని మా తరం వాళ్ళం ఠక్కున చెప్తాం, మీ తరానికి పిట్ట సంగతి కొత్తగా ఉంటుంది, తెలుసుకున్నాక మర్చిపోరు.

డాలస్_కోడర్

టీచర్ గారూ చాలా బాగా చెప్పారు, ఆ డు, ము, వు, లు సంగతి నాకు ఇంతవరకు తట్టనే లేదు, ఈ రోజే మా గ్రూప్‌లో చెప్తా.

బెజవాడ బ్రో, ఆప్ ఎందుకు విరగ్గొట్టిందో నేను చెప్తా, మా గ్రూప్ కోసం నేనే ఓ చిన్న బాట్, అంటే పదాలు కలిపి పెట్టే ప్రోగ్రామ్, రాసుకున్నా కాబట్టి ఈ దెబ్బ నాకూ తగిలింది. యూనికోడ్‌లో అంటే కంప్యూటర్లు అన్ని లిపులకీ వాడే కోడ్ పద్ధతిలో, మన అక్షరం ఒక్క ముక్కగా ఉండదు. హల్లు ఒక కోడ్, గుణింతం గుర్తు ఒక కోడ్, పొల్లు ఒక కోడ్, సున్న ఒక కోడ్. "స్త్రీ" మనకి ఒకే అక్షరం, కంప్యూటర్‌కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మామూలుగా లిస్ట్ చేసి షఫుల్ కొడితే ఆ ఆరూ చెల్లాచెదురు అయిపోతాయి, గుణింతం గుర్తుకి ఆనుకోవడానికి హల్లు లేక చుక్కల వలయం వస్తుంది. నువ్వు చూసింది అదే.

దీనికి గ్రాఫీమ్ క్లస్టర్ల ప్రకారం, అంటే కంటికి ఒక్క అక్షరంగా కనపడే ముక్కల ప్రకారం, విడగొట్టాలి. పైథాన్‌లో రెజెక్స్ అనే విడి మాడ్యూల్ ఉంది, జావాస్క్రిప్ట్‌లో అయితే సెగ్మెంటర్ ఉంది. కానీ ఇక్కడో మెలిక. పాత రూల్ ప్రకారం గుణింతం, సున్న హల్లుతో ఉండిపోయేవి కానీ వత్తు దగ్గర తెగిపోయేది, అంటే "ప్ప" అనేది "ప్", "ప" అని రెండు ముక్కలు అయ్యేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో ఆ రూల్ మార్చారు, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరం తెగకుండా ఉండేలా. లైబ్రరీ పాతదైతే ఇంకా పాత పద్ధతిలోనే తెగుతుంది, నేను రెండు రాత్రులు ఇదే తెలియక కొట్టుకున్నా. అందుకని నేను సొంతంగా ఒక లైను పెట్టుకున్నా: ముక్క పొల్లుతో ముగిస్తే, తర్వాత ముక్క హల్లుతో మొదలైతే, రెండూ కలిపెయ్. అంతే, అన్నీ సర్దుకున్నాయి.

అయితే సాఫ్ట్‌వేర్ లాంటి మాటలతో జాగ్రత్త. అక్కడ ట్ తర్వాత వే వత్తుగా మారకుండా మధ్యలో కనపడని ఒక క్యారెక్టర్ పెడతారు, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. నా లైను దాన్ని చూసుకోకపోతే ముక్కలు తప్పు వస్తాయి. నేనైతే అలాంటి పదాలు లిస్ట్‌లోంచే తీసేశా, ఎలాగూ పొల్లుతో ఉన్న ముక్క కనపడగానే ఇది ఇంగ్లీష్ మాట అని తెలిసిపోతుంది, అచ్చ తెలుగు మాట దాదాపు ఎప్పుడూ అచ్చు శబ్దంతోనే ముగుస్తుంది కదా.

ఇంకోటి, బాట్ కలిపాక ఒకసారి చూసుకో, కలిపిన వరస కూడా నిజమైన పదమే అయిపోతుంది ఒక్కోసారి. నా బాట్ ఓ రోజు "వలన" అని ఇచ్చింది, అందరూ ఇది కలపని పదమే కదా అన్నారు, అసలు జవాబు "నవల". పాట ఇస్తే టపా వస్తుంది, కలం ఇస్తే లంక వస్తుంది.

కరీంనగర్_కోయిల

నేను కోడింగ్ గురించి చెప్పలేను గని ఆ ఇద్దరే గెలుసుడు గురించి చెప్త. మా గ్రూప్ల తొమ్మిది మంది ఉంటరు, సగం మంది ఆంధ్ర వాళ్ళు, సగం మంది మా దిక్కు వాళ్ళు, ఒక ఆన్‌లైన్ పెయింటింగ్ క్లాస్‌ల దోస్తులైనోళ్ళం, ఒకళ్ళనొకళ్ళం ఇంతవరకు ఎదురుగ చూసుకోలే. మొదట్ల పదాలన్నీ పేపర్ భాషే, గుంటూరు అక్క ఒకామె రోజూ గెలుస్తుండె. ఒకనాడు నా వంతు వస్తే "ర, పుం, కూ, టి" అని ఇచ్చిన. అర్ధగంటయినా ఆమెకి రాలే, కూ, ర చూసి కూర అని తెలిసిపోయింది గని ఏం కూరనో తెల్వదు. మొదటి క్లూ పుల్లగ ఉంటది అన్న. రెండో క్లూ మీ గుంటూరోళ్ళు దీన్ని పచ్చడి చేసి ప్రాణం పెడ్తరు, పేరు మాత్రం వేరేది అన్న. అప్పుడు ఆమె "గోంగూరా?!" అని మెసేజ్ పెట్టింది. అవును అక్కా, మేము పుంటికూర అంటం. మా దిక్కు వాళ్ళు అయిదుగురూ మొదటి రెండు నిమిషాల్లనే చెప్పేసిన్రు, అందులో ఇద్దరు అంతకుముందు ఒక్కసారి గూడ గెల్వలే. ఆ రోజు వాళ్ళ సంతోషం చూడాలె.

అప్పటి నుంచి ఒక రోజు మీ దిక్కు మాట, ఒక రోజు మా దిక్కు మాట. మక్కలు, ఉల్లిగడ్డ, దస్తీ, అంగి, ఇట్ల. మా దగ్గర దస్తీ అంటే కర్చీఫ్ అని ఆంధ్ర వాళ్ళలో సగం మందికి తెల్వనే తెల్వదు, వాళ్ళ మాటలు కొన్ని మాకు తెల్వవు. ఎవలకు ఏ మాట ఇంటి మాటనో వాళ్ళు గెలుస్తరు, తక్కినోళ్ళు నేర్చుకుంటరు. పదానికి ఊరు ఉంటది, ఆ ఊరే క్లూ. ఇప్పుడు ఆ గుంటూరు అక్కనే అడుగుతది, ఇయ్యాల మీ మాట ఇయ్యి చెల్లే అని.

మెల్‌బోర్న్_అమ్మ

టీచర్ గారు అక్షరం క్లూ అస్సలు ఇవ్వకూడదన్నారు, నేను ఒక్క విషయంలో ఒప్పుకోలేనండి, ఏమీ అనుకోవద్దు. పెద్దవాళ్ళకి సరే, కానీ మా పాపలాంటి పిల్లలకి మొదటి అక్షరం చెప్పి తీరాలి. దానికి తొమ్మిదేళ్ళు, ఇక్కడే పుట్టింది, తెలుగు బాగా మాట్లాడుతుంది కానీ చదవడం ఇప్పుడిప్పుడే. పాత క్యాలెండర్ అట్ట కత్తిరించి చిన్న చిన్న చదరాలు చేసి స్కెచ్ పెన్నుతో అక్షరాలు రాశా, శనివారం పొద్దున కాకినాడలో ఉన్న మా అమ్మ వీడియో కాల్‌లోకి వస్తుంది, క్లూలన్నీ ఆవిడవే.

మొన్న "న, స, ప" పెట్టా. పాప సపన అంది, నసప అంది, ఏదీ మాటలా వినపడట్లేదు దానికి. అమ్మమ్మ బయటంతా ముళ్ళు, లోపల తేనెలా తియ్యగా అంది. పాప ఎగిరి గంతేసి "దురియన్ అమ్మమ్మా!" అంది. ఇక్కడ ఏషియన్ మార్కెట్‌లో అది చూసిందే దురియన్, పాపం దాని తప్పేముంది. మా అమ్మకి దురియన్ అంటే ఏంటో తెలీదు, ఫోటో చూపిస్తే ఇది మన పనసకి చుట్టంలా ఉందే అంది, అంతే, నోరు జారి జవాబు చెప్పేసింది. పాప వెంటనే ప తీసి మొదట పెట్టి, న, స పక్కన చేర్చి, మెల్లగా వేలు పెట్టి చదివింది. ఆ చదవడం కోసమే కదా ఈ ఆట అంతా. మొదటి అక్షరం ఇస్తే అది శబ్దం పట్టుకుని మిగతాది నోట్లో పలికి చూసుకుంటుంది. ఇవ్వకపోతే విసుగొచ్చి టాబ్లెట్ తీసుకుంటుంది.

ఇంకో మాట, బెజవాడ తమ్ముడూ, రాత్రి తొమ్మిదికి ముందు చెప్పినవాళ్ళకే పాయింట్లు అన్నావు. మీ బ్యాచ్‌లో బయట దేశాల్లో ఎవరూ లేరా? మీకు రాత్రి తొమ్మిదంటే మాకు చలికాలంలో అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. నా కాలేజ్ గ్రూప్‌లో ఇలాగే ఆడేవాళ్ళు, నేను లేచేసరికి జవాబు, దాని మీద యాభై మెసేజ్‌లు, అన్నీ అయిపోయి ఉండేవి. ఎవరూ కావాలని చెయ్యలేదు, కానీ మూడు వారాలు చూసి నేను మ్యూట్ చేసేశా. నీ గ్రూప్‌లో మెల్లగా చూసి వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కడ ఉంటున్నారో ఒకసారి చూసుకో.

తెలుగుపంతులమ్మ

అమ్మా మెల్‌బోర్న్ తల్లీ, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, చదవడం నేర్చుకునే పిల్లలకి మొదటి అక్షరం ఇవ్వాలి, నేను పెద్దవాళ్ళని దృష్టిలో పెట్టుకుని అన్నాను. పాపకి జంటగా ఉండే పదాలు ఇచ్చి చూడు, పులుపు, కునుకు, నటన, ఇవి ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే, పిల్లలకి భలే ఇష్టం. తర్వాత వికటకవి ఇవ్వు, ఐదక్షరాలైనా వి, క రెండేసిసార్లు ఉన్నాయి కాబట్టి 120 వరసలు కాదు, 30 మాత్రమే. తెనాలి రామకృష్ణుడి పేరుతో క్లూ ఇచ్చి ఒక కథ కూడా చెప్పొచ్చు.

పదాలపిచ్చి_బెజవాడ

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు.

మెల్‌బోర్న్ అక్కా, మీ మెసేజ్ చదివి వెళ్ళి చూశా. మా పద్నాలుగు మందిలో ఐదుగురు బయటే ఉన్నారు, ఇద్దరు అమెరికా, ఒకరు జర్మనీ, ఇద్దరు ఆస్ట్రేలియా. ఆస్ట్రేలియా వాళ్ళిద్దరూ రెండు నెలల్లో ఒక్కసారి కూడా జవాబు చెప్పలేదు. అసలు ఎలా చెప్తారు, నాకు ఇన్నాళ్ళు ఆ ఆలోచనే రాలేదు, నిజంగా బాధేసింది. రాత్రే ఇద్దరికీ విడిగా మెసేజ్ పెట్టా.

నిన్నటి నుంచి పద్ధతి మార్చాం. పదం పెట్టాక 24 గంటల టైం. జవాబుని టెలిగ్రామ్‌లో స్పాయిలర్ కింద దాచి పెట్టాలి, నొక్కితేనే కనపడుతుంది, కాబట్టి వెనక వచ్చేవాళ్ళకి ఆట పాడవ్వదు. క్లూలు మూడూ ముందే రాసి షెడ్యూల్ చేసేస్తున్నా, ఆరు గంటలకొకటి, ఎవరు ఏ దేశంలో మేలుకుని ఉంటే వాళ్ళకి తాజాగా ఒక క్లూ దొరుకుతుంది. ముందు చెప్పినవాళ్ళకి అని కాకుండా, క్లూ లేకుండా చెప్తే 5, ఒక క్లూకి 3, రెండుకి 2, మూడుకి 1. గెలిచినవాళ్ళు మర్నాడు ఆడరు, పదం ఇస్తారు, దాంతో రోజూ గెలిచే ఇద్దరూ రోజు మార్చి రోజు క్లూలు రాసే పనిలో ఉంటారు. వాళ్ళు అందులోనూ బాగానే చేస్తున్నారు, చెప్పొద్దూ.

నిన్న ఇచ్చిన పదం "ల, క, ప". మొదటి క్లూ చెట్టు నుంచి వస్తుంది అని రాశాడు మావాడు. ముగ్గురు కలప అన్నారు, నలుగురు పలక అన్నారు. పలక చెట్టు నుంచి ఎలా వస్తుందిరా అది రాయి కదా అంటే, చుట్టూ ఉండే చట్రం చెక్కదే కదా అని వాదన. గంటసేపు నడిచింది, చిన్నప్పుడు పలక తుడవడానికి ఎవరు ఏ ఆకు వాడారు, బలపం ఎవరు తినేవాళ్ళు, అన్నీ బయటికొచ్చాయి. చివరికి రెండో క్లూలో వడ్రంగి అని వచ్చాక కలప అని తేలింది. మెల్‌బోర్న్‌లో ఉన్న మావాడు పొద్దున ఆరింటికి లేచి కలప అని స్పాయిలర్ పెట్టి, కింద "నేను బలపం తినేవాణ్ణి" అని రాశాడు. వాడు గ్రూప్‌లో మాట్లాడి పద్నాలుగు నెలలైంది, పైకి స్క్రోల్ చేసి మరీ చూశా.

డాలస్ బ్రో, నీ ఒక్క లైను రూల్ మా గ్రూప్‌లో ఒకడు రాసిచ్చాడు, పుంటికూర వేసి చూశాం, నాలుగు ముక్కలు సరిగ్గా వచ్చాయి. కోయిల గారూ, మీ పదమే అది, రేపు అదే ఇస్తున్నా, మా బ్యాచ్‌లో వరంగల్ వాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళు ఇంతవరకు గెలవలేదు.

తెలుగుపంతులమ్మ

అయితే మీ అందరికీ నా తరఫున ఒకటి. "ప్ప, ను, క, రె". క్లూ ఒక్కటే ఇస్తాను: కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు.

కరీంనగర్_కోయిల

టీచర్, తలుపులు అన్నరు గని లు లేదు, మీరు చెప్పిన నియమమే! వచ్చేసింది నాకు. ఇక్కడ దాచిపెట్టే వీలు లేదు, అందుకని చెప్పను, మెల్‌బోర్న్ అక్క లేచేదాక ఆగుత.

మెల్‌బోర్న్_అమ్మ

లేచాను. పాపకి అట్ట ముక్కల మీద రాసి ఇచ్చా, క్లూ చదివి వినిపించా, తలుపు వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, తర్వాత నా మొహంలోకి చూసి రెండుసార్లు కళ్ళు మూసి తెరిచింది. మొదటి అక్షరం చెప్పలేదు. ఇప్పుడు ప్ప ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తోంది, నేను పక్కనే కూర్చున్నా.